విస్సన్న చుక్కల మందు

పిఠాపురంలో విస్సన్న అని ఒక వంటాయన ఉండేవాడు. చేతిలో పనితనం ఎంత ఉందో, తనకు ఒకరు చెప్పేదేమిటన్న మొండితనం అంతకు రెండింతలు ఉండేది.

పిఠాపురం సంగతి మీరు వినే ఉంటారు. పోయిన పెద్దలకు పిండాలు పెట్టుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారక్కడికి. అందుకని తద్దినం వంటలు చేసేవాళ్ళకు ఏడాది పొడుగునా చేతినిండా పనే. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో ఆబ్దికమైనా ముందు విస్సన్నకే కబురు వెళ్ళేది. "విస్సన్న ఒప్పుకున్నాడా? అయితే ఇంక బెంగ లేదు" అనేవారు.

తద్దినం వంటంటే మామూలు వంట కాదు. వండేవాడు స్నానం చేసి తడిబట్టతో మడి కట్టుకోవాలి. ఆ వంటింట్లోకి మడి కట్టుకోనివాళ్ళు అడుగు పెట్టకూడదు. అన్నిటికన్నా పెద్ద చిక్కేమిటంటే, వండింది రుచి చూడకూడదు. పోయిన పెద్దల స్థానంలో కూర్చుని భోజనం చేసే బ్రాహ్మలను భోక్తలంటారు. వాళ్ళు తిని లేచేదాకా ఒక్క మెతుకు ఎవరి నాలిక మీదా పడడానికి వీల్లేదు. మరి ఉప్పు చాలిందో లేదో, పప్పు అడుగంటిందో లేదో తెలిసేదెలా?

విస్సన్నకు ముక్కే నాలిక. అలాగని గిన్నె మీదికి వంగి వాసన చూసేవాడు కాదు. అదీ తప్పేనట. "ఆవిరి దానంతటది వచ్చి చెబుతుంది. నేను పిలవను" అనేవాడు. నిజంగానే చెప్పేది! పులుసు మరుగుతుంటే దూరంగా కూర్చునే ఉప్పు తక్కువైందని కనిపెట్టేవాడు. మూత తీయకముందే నెయ్యి పాతదని చెప్పేవాడు. అరటికాయ చెక్కు తీయకముందే ఇది లోపల మాగిపోయింది, పక్కన పెట్టండనేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోయింది లేదు.

ఈ విద్య నేర్పింది ఆయన మేనమామ చయనులు గారు. తండ్రి పోయిన పసివాణ్ణి ఇంటికి తెచ్చుకుని, కన్నకొడుకుతో సమానంగా పెంచి, పొయ్యి పక్కన నిలబెట్టుకుని వంట నేర్పాడు. ఇప్పుడాయన పెద్దవాడైపోయాడు. వంట మానేసి భోక్తగా వెళ్తున్నాడు. మహా నిష్ఠాపరుడు. భోక్త తినేటప్పుడు మౌనంగా ఉండాలి, బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. ఆయన ఆ నియమం ఏనాడూ తప్పలేదు. తిని లేచాక మాత్రం, "మా విస్సిగాడు వండితే కళ్ళు మూసుకుని తినొచ్చు" అని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఇంత చక్కగా సాగిపోతున్న రోజుల్లో మాఘమాసం వచ్చింది. మామిడి తోటలన్నీ పూత పట్టాయి. విస్సన్నకు తుమ్ములు పట్టుకున్నాయి.

అవి మామూలు తుమ్ములు కావు. మొదలైతే ఆగేవి కావు. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారేవి, ఆ తర్వాత ముక్కు బిగుసుకుపోయేది. మడివంటలో తుమ్మితే ఊరుకుంటారా? బయటికొచ్చి మళ్ళీ స్నానం చేసి, మళ్ళీ బట్ట తడుపుకుని కట్టుకోవాలి. వంటింట్లోంచి తుమ్ము వినబడ్డప్పుడల్లా ఇంటివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. విస్సన్నకు తల కొట్టేసినట్టయ్యేది.

ఇలా కాదని మందుల షాపుకు వెళ్ళాడు. షాపాయన ముక్కులో వేసుకునే చుక్కల మందు ఇచ్చాడు.

"రెండేసి చుక్కలండీ పంతులుగారూ. నాలుగైదు రోజులు చాలు. అంతకుమించి వాడకండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుగారికి చూపించుకోండి" అన్నాడు.

"బోడి తుమ్ములకు డాక్టరెందుకోయ్! నా ముక్కు సంగతి నాకు తెలీదూ?" అన్నాడు విస్సన్న.

మందు మంచిదే. వేసుకోగానే బిగిసిన ముక్కు హాయిగా తెరుచుకుంది. "ఇన్నాళ్ళూ ఈ సుఖం తెలియక చచ్చాను" అనుకున్నాడు. అక్కడితో ఆగితే నేనీ కథ చెప్పాల్సిన పనే లేదు.

కానీ ఒక చిక్కొచ్చింది. మడి కట్టుకున్నాక ప్లాస్టిక్ సీసా ముట్టుకుంటే మైల. వంట మధ్యలో ముక్కు మూసుకుపోతే ఏం గతి? విస్సన్న బుర్రకు ఒక ఉపాయం తట్టింది. స్నానానికి వెళ్ళే ముందే రెండు చుక్కల చోట నాలుగూ ఐదూ పోసేసుకోవడం మొదలుపెట్టాడు, వంట అయ్యేదాకా నిలుస్తుందని. ఎక్కువ పోస్తే ఎక్కువసేపు వెలగడానికి మందేమైనా దీపంలో నూనెటండీ? ఆ మాట ఆయనకెవరు చెప్పాలి? చెబితే వినేవాడా?

పూత రాలిపోయింది. పిందెలు కట్టాయి. తుమ్ములు వాటంతటవే పోయాయి. ముక్కు దిబ్బడ మాత్రం పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. చుక్కలు వేసుకుంటే కాసేపు గాలి ఆడేది, ఆ తర్వాత మునుపటికన్నా గట్టిగా బిగుసుకుపోయేది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ బిగువు. నోటితో గాలి పీల్చుకుంటూ, "ఈ మందు లేకపోతే నేనేమైపోదునో" అనుకునేవాడు పిచ్చి మనిషి. ఆ మందే ముక్కు మూసేస్తోందన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు. మొదటి షాపాయన ఇంకా వాడుతున్నారా అని అడుగుతాడేమోనని, సీసా అయిపోయినప్పుడల్లా వేరే షాపుకు వెళ్ళి కొనుక్కునేవాడు.

ఆయన భార్య మాణిక్యాంబ కళ్ళు తెరుచుకునే ఉంది. ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాలన్నీ ఇగిరిపోయి, గిన్నె మాడి, ఇల్లంతా కంపు. విస్సన్న ఆ పక్కనే పీట మీద కూర్చుని పంచాంగం చూసుకుంటున్నాడు.

"ఏవండీ! గిన్నె మాడి బొగ్గవుతుంటే పక్కనే కూర్చున్నారే, వాసన రాలేదూ?"

"రాకేం, వచ్చింది. నువ్వొచ్చి దింపుతావు కదా అని ఊరుకున్నాను."

ఆమె లోపలికి వెళ్ళి ఇంగువ డబ్బా తెచ్చి, మూత తీసి ఆయన వెనక నిలబడింది. ఇంగువండీ! వీధి చివరిదాకా కొట్టే ఘాటు. ఆయన తల కూడా తిప్పలేదు. 

"మీకు వాసన తెలియడం లేదు" అంది ఆమె, డబ్బా ఆయన ముందు పెట్టి.

విస్సన్న మొహం పాలిపోయింది. మరుక్షణం కోపం ముంచుకొచ్చింది. "నాకు పరీక్షలు పెడతావుటే నువ్వు?" అని అరిచాడు.

"పరీక్ష కాదండీ. ఆ మందు అట్ట మీద రాసే ఉంది, ఎక్కువ రోజులు వాడకూడదని. నేను చదివాను. ఒక్కసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం రండి. పెద్దల వంట కదా, నాకు భయంగా ఉంది."

"నోరు ముయ్యి! విస్సన్నకు ముక్కు పనిచెయ్యడం లేదట అని ఊళ్ళో పొక్కిందంటే రేపట్నించి మన పొయ్యిలో పిల్లి లేవదు. తెలుసా?"

అంతకుముందు పెద్ద వంటలకు మాణిక్యాంబ కూడా మడి కట్టుకుని వెంట వెళ్ళేది. రుబ్బడం, దంచడం ఆమె చూసుకునేది. ఆ రోజు నుంచి ఆయన ఆమెను తీసుకెళ్ళడం మానేశాడు. పక్కన ముక్కున్న మనిషి ఒకరుంటే తన గుట్టు బయటపడుతుందని భయం. ఉప్పూ కారమూ చేతికి అలవాటైన కొలతలతో వేసేస్తూ నెట్టుకొచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ లోపల్లోపల కుమిలిపోయేవాడు. పొయ్యి ముందు కూర్చుంటే ఆవిరి మొహానికి తగిలేది, వెచ్చగా, ఏమీ చెప్పకుండా. "ఇంకొక్క సీసా వాడితే అదే సర్దుకుంటుంది" అని తనకు తానే నచ్చజెప్పుకునేవాడు.

వైశాఖంలో జోగారావుగారింట్లో వాళ్ళమ్మగారి ఆబ్దికం వచ్చింది. జోగారావుగారిది పక్క ఊరే అయినా కాకినాడలో ఉద్యోగం. పొలం కౌలుకిచ్చి, ఇల్లు తాళం పెట్టి చెవి కౌలు రైతుకే అప్పగించి, తిథికి మాత్రం భార్యతో వస్తుంటాడు. ఆ ఏడు ఇద్దరు భోక్తల్లో ఒకరు చయనులు గారు.

మావయ్య భోక్తగా వస్తున్నాడనగానే విస్సన్నకు భయం పట్టుకుంది. వంట ఒప్పుకోనని కబురు చేద్దామా అనుకున్నాడు. మావయ్య దగ్గరికే వెళ్ళి ఉన్నమాట చెప్పేద్దామా అని కూడా అనుకున్నాడు. వాళ్ళింటి మలుపుదాకా వెళ్ళాడు కూడా. అరుగు మీద ఆయన ఎవరితోనో, "రేపు మా విస్సిగాడి వంట" అంటున్న మాట చెవినబడింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు. అయ్యో, ఆ నాలుగడుగులూ ముందుకు వేసి ఉంటే ఎంత బాగుండేది!

ఆబ్దికం నాడు విస్సన్న అలవాటు ప్రకారం ముక్కులో చుక్కలు పోసుకుని, స్నానం చేసి, మడి కట్టుకుని పొయ్యి వెలిగించాడు. జోగారావుగారు అటక మీంచి ఒక గుడ్డమూట దింపి, గుమ్మం దగ్గర పెట్టాడు.

"మన పొలంలో నువ్వులే విస్సన్నగారూ. మా అమ్మకు చిమ్మిలంటే ప్రాణం. వీటితోనే చెయ్యండి" అన్నాడు.

చిమ్మిలంటే తెలుసుగా, నువ్వులూ బెల్లమూ కలిపి దంచి చేసే ఉండలు. ఆ నువ్వులు తిండికి దాచినవి కావు. కౌలు రైతు విత్తనాల కోసమని పురుగుమందు పొడి కలిపి, మూటగట్టి అటక మీద పెట్టుకున్నాడు. ఆ సంగతి జోగారావుగారికి తెలియదు.

విస్సన్న మూట విప్పాడు. నువ్వుల మీద తెల్లటి పొడి కనబడింది. అటక మీది దుమ్మనుకుని చేటలో పోసి చెరిగాడు. ముక్కు బాగున్న రోజుల్లో అయితే మూట ముడి విప్పగానే దూరంగా విసిరేసేవాడు. బాణలిలో పోసి దోరగా వేయించాడు. కళ్ళు భగ్గుమని మండాయి. పొగ అనుకుని ముంజేత్తో తుడుచుకున్నాడు. ఆవిరి దానంతటది వచ్చి చెప్పే ఉంటుంది, విస్సన్న వినలేదు. బెల్లం వేసి రోట్లో దంచి, గుండ్రంగా ఉండలు కట్టాడు.

విస్తళ్ళు వేశారు. జోగారావుగారు స్వయంగా వడ్డించాడు. భోక్తలు భోజనానికి కూర్చున్నారు. నిశ్శబ్దంగా ఉంది. విస్సన్న వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

చయనులు గారు చిమ్మిలి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కనుబొమలు ఒక్కసారి ముడిపడ్డాయి. నమలడం ఆపి, తల ఎత్తి గుమ్మంలో ఉన్న మేనల్లుడి వైపు చూశాడు. విస్సన్నకు ఆ చూపు అర్థం కాలేదు. ఇంకా కావాలేమోననుకుని, వడ్డించమని జోగారావుగారికి సైగ చేశాడు. ముసలాయన తల దించుకుని, విస్తట్లో ఉన్నదంతా తినేశాడు. రెండో భోక్త వయసులో చిన్నవాడు. కొంచెం కొరికి, మిగతాది విస్తరి పక్కకు నెట్టేశాడు.

భోజనం ముగియకముందే చయనులు గారికి చెమటలు పట్టాయి. నోటి వెంట నురగ వచ్చింది. ఒక పక్కకు ఒరిగి, వాంతి చేసుకుని పడిపోయాడు. అందరూ మడీ గిడీ మరిచి పరిగెత్తుకొచ్చారు. జోగారావుగారి భార్య రెండో భోక్త విస్తట్లో మిగిలిన చిమ్మిలి ముక్క తీసి చూసి, "అమ్మో! ఇదేం వాసనండీ! పురుగుమందు కంపు!" అని కేక పెట్టింది.

జోగారావుగారు తల బాదుకున్నాడు. "మూట దింపుతుంటే నాకూ ఏదో ఘాటు తగిలింది. విస్సన్నగారే ఏమీ అనలేదు కదా, అటక కంపేమోలే అనుకున్నాను" అన్నాడు.

విస్సన్న మావయ్యను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

కారులో వేసుకుని ఆసుపత్రికి పరుగులు తీశారు. రెండో భోక్త, కడుపు కడిగి మందులిచ్చాక తేరుకున్నాడు. చయనులు గారిది పెద్ద వయసు, తిన్నదీ ఎక్కువే. డాక్టర్లు చెయ్యగలిగినదంతా చేశారు. సాయంత్రానికి ఆయన కాస్త కళ్ళు తెరిచి, మేనల్లుణ్ణి పిలవమన్నాడు.

"విస్సీ."

"ఇక్కడే ఉన్నాను మావయ్యా."

"వాసన రాలేదుట్రా నీకు?"

విస్సన్న మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. "మామిడి పూతప్పట్నించీ నాకు ఏ వాసనా రావడం లేదు మావయ్యా."

"మరి చెప్పలేదేం?"

 విస్సన్న తలెత్తలేదు. ముసలాయన కాసేపు ఆయాసపడి, మెల్లగా అన్నాడు.

"నోట్లో పెట్టుకోగానే చేదు తగిలింది. నీకేసి చూశాను. నువ్వు నిబ్బరంగా నిలబడి ఉన్నావు. వీడి ముక్కు దాటి చెడ్డది విస్తట్లోకి రాదు, ముసలితనం వచ్చి నా నాలికే పాడైందనుకున్నాను. మింగేశాను రా."

అవే ఆయన ఆఖరి మాటలు. మర్నాడు పొద్దెక్కకముందే ప్రాణం పోయింది.

విస్సన్న ఆసుపత్రి వసారాలో గోడకు చేరగిలబడి ఏడ్చాడు. ఏడవడానికి కూడా ముక్కు సహకరించలేదు, గాలాడక గుడ్లు తేలేశాడు. చేతిసంచిలోంచి సీసా తీసి ముక్కులో పోసుకోబోతుంటే ఒక డాక్టరమ్మ చూసి ఆగింది.

"ఎన్నాళ్ళుగా వాడుతున్నారు ఇది?"

"మాఘమాసం నుంచి."

"అయ్యో! ఇది నాలుగైదు రోజులు వాడి ఆపేసే మందండీ. ఎక్కువ వాడితే ముక్కు లోపల వాచిపోయి, మందే దిబ్బడ తెస్తుంది. మొదట్లోనే వచ్చి ఉంటే మీ తుమ్ములకు సరిపడే వేరే మందు ఇచ్చేవాళ్ళం. ఇది మానెయ్యండి. ముక్కు డాక్టరుగారికి ఇవాళే చూపించుకోండి. వాసన మళ్ళీ రావచ్చు."

"ఇప్పుడు వచ్చి ఏం చేసుకోనమ్మా?" అన్నాడు విస్సన్న.

ఎవరూ కావాలని చేసింది కాదని ఊరంతా ఒప్పుకుంది. విస్సన్నను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకు పెద్ద శిక్ష అయింది. వంటలు మానేశాడు. డాక్టరు ఇచ్చిన మందు చెప్పినట్టు వాడుతూ, ఎవరికీ మొహం చూపించలేక ఇంట్లోనే ఉండిపోయాడు.

నెల తిరిగి చయనులు గారి మాసికం వచ్చింది. వంటకు మాణిక్యాంబను పిలిచారు. విస్సన్న కూడా ఆమె వెనకే వెళ్ళి, వీధి అరుగు మీద ఒదిగి కూర్చున్నాడు. చయనులు గారి కొడుకు బయటికొచ్చి, "లోపలికి రా బావా" అన్నాడు. విస్సన్న తల అడ్డంగా ఊపాడు.

కాసేపటికి లోపల బాణలి పెట్టిన చప్పుడైంది. సన్నగా, తియ్యగా, కమ్మగా ఒక వాసన కిటికీలోంచి వచ్చి ఆయన ముక్కును తాకింది. వేగుతున్న నువ్వుల వాసన. ఇన్ని నెలలకు మొట్టమొదట తెలిసిన వాసన అదే. విస్సన్న రెండు చేతులతో ముక్కు మూసుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మాణిక్యాంబ మడితో గుమ్మందాకా వచ్చి, దూరంగానే నిలబడింది. "ఏవండీ, వాసన తెలిసిందా?" అంది.

"తెలిసింది మాణిక్యం. మావయ్యకు చెప్పుకోవడానికి లేకుండా తెలిసింది" అన్నాడు.

మళ్ళీ మామిడి పూత వచ్చింది, తుమ్ములూ వచ్చాయి. మొదటి తుమ్ముకే విస్సన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పొయ్యి దగ్గరికి మాత్రం ఇంకెన్నడూ వెళ్ళలేదు.

నీతి: డాక్టరు చీటీ లేకుండా షాపులో దొరికినంత మాత్రాన మందు మంచినీళ్ళు కాదు, చెప్పిన మోతాదుకూ చెప్పిన రోజులకూ మించి వాడకూడదు, అప్పటికీ తగ్గకపోతే సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెప్పుకోవాలి, ఎందుకంటే మనం దాచిన జబ్బుకు మనల్ని నమ్మినవాళ్ళు బలైపోతారు.